పనికిరానివి

మంగళవారం, 4

చిలకకు మూడోసారి చెప్పాను. రిసెప్షన్‌లో కొత్తగా చేరిన పిల్ల. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను, ఈ పుస్తకం వరకే. గొంతు ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళు ముందుగా మన క్లినిక్‌కు వచ్చి మూడు వందల వాక్యాలు చదువుతారమ్మా, నేను రికార్డు చేసి దాస్తాను, ఆపరేషన్‌లో గొంతు పోయాక వాళ్ళు చిన్న యంత్రం మీద టైపు చేస్తే అది వాళ్ళ సొంత గొంతుతోనే పలుకుతుంది, అని. అంతా విని, "అయితే నా గొంతు కూడా దాచిపెడతారా మేడమ్?" అంది. నీ గొంతు దాచక్కర్లేదు, కాసేపు మూస్తే చాలు అనబోయి ఊరుకున్నాను.

ఆ పిల్ల కంప్యూటర్ తెర చూస్తే రోత పుట్టింది. తెర నిండా పిల్లి బొమ్మ. ఆ పిల్లి మొహం మీద, చెవుల మీద, తోక మీద ఎక్కడ పడితే అక్కడ ఫైళ్ళు. "కొత్తది", "కొత్తది 2", "అసలు కొత్తది". కీబోర్డు సందుల్లో బిస్కెట్ పొడి. ఆ మౌస్ ముట్టుకున్నందుకు రెండుసార్లు చేతులు కడుక్కున్నాను.

నీడ గురించి కూడా చెప్పాను. డాక్టరమ్మ గదిలోని పెద్ద కంప్యూటర్లో "గొంతులు" అనే ఫోల్డర్ ఉంది, అందరి రికార్డింగులూ అందులోనే. మా బల్లల మీది కంప్యూటర్లలో మూలన చిన్న బాణం గుర్తుతో కనిపించే బొమ్మ దాని షార్ట్‌కట్. షార్ట్‌కట్ అంటే ఎవరి బుర్రకూ ఎక్కడం లేదని నేనే దానికి నీడ అని పేరు పెట్టాను. నీడను చెరిపినంత మాత్రాన మనిషికేం కాదు కదా. నాలుగేళ్ళుగా క్లినిక్‌లో అందరూ నీడ అనే అంటున్నారు. ఇక్కడ నాలాగా విడమరిచి చెప్పేవాళ్ళు ఇంకొకరు లేరు.

బుధవారం, 5

క్లచ్చు మాస్టారి రికార్డింగ్ ఈరోజుతో అయిపోయింది. పీడ విరగడైంది.

డ్రైవింగ్ నేర్పేవాడు కాబట్టి ఏ వాక్యం ఇచ్చినా పక్క సీట్లో కూర్చుని అరిచినట్టే చదువుతాడు. "ఈరోజు చల్లగా ఉంది" అంటే ఎవరో బ్రేకు మీద నుంచి కాలు తీసేసినట్టు వినిపిస్తుంది. మైకు నిండా తుంపర్లు. రోజూ స్పాంజి మార్చాను, ముక్కు మూసుకుని. సగం వాక్యంలో దగ్గు, మిగతా సగంలో నవ్వు. నేను "మళ్ళీ చెప్పండి" అనడం, ఆయన "తప్పు నాదే మేడమ్, మళ్ళీ చెప్తాను" అనడం. నాలుగు రోజులుగా ఇదే పాట. ఆ "తప్పు నాదే" వింటే ఒళ్ళు మండుతుంది. తప్పు నాదే అంటే దగ్గు ఆగుతుందా?

చెడిపోయిన రికార్డింగులను చెరిపేయకుండా రికార్డింగ్ గదిలోని మిషన్‌లోనే వేరే ఫోల్డర్లో పెడుతున్నాను. దానికి "పనికిరానివి" అని పేరు. నేనెంత ఓపిక పడుతున్నానో డాక్టరమ్మకు ఒకరోజు వినిపించాలి.

చివర్లో సొంత మాటలు పది చెప్పుకోవచ్చు. ఆయన చెప్పినవి: "అద్దంలో చూశావా?", "క్లచ్చు మెల్లిగా వదులు, మెల్లిగా", "అరగంటలో ఇంట్లో ఉంటా". ఈ చివరిది పాతికేళ్ళుగా వాళ్ళావిడకు చెప్తున్న అబద్ధమట. చెప్పి తనే నవ్వాడు, ఇంకోసారి చెప్పించాల్సి వచ్చింది. పదోదానికి ముందు మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడమ్, ఇదొక్కటీ మీరు వినకండి. మా ఆవిడకి."

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి గోడవైపు తిరిగాను. తిరిగి చూసేసరికి కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఆ చేత్తోనే మైకు సరిచేశాడు. స్పాంజి మళ్ళీ మార్చాను.

వచ్చే బుధవారం ఆపరేషన్. మంగళవారం సాయంత్రం ఆసుపత్రిలో చేరతాడు.

గురువారం, 6

ప్రాణానికి హాయిగా ఉంది. నాకు కొత్త కంప్యూటర్ వస్తోంది, పాతది చిలకకు ఇస్తారట. నా వస్తువు ఆ బిస్కెట్ చేతుల్లోకి వెళ్ళబోతోందంటే మాసిన దుప్పటి ఎవరికో ఇచ్చినట్టనిపించింది. పదకొండింటికి కూర్చుని మొత్తం శుభ్రం చేశాను.

నీడను కూడా తీసేశాను. ఊరికే బొమ్మను తీసేస్తే లోపలివి ఎక్కడో మిగిలిపోతాయేమోనని, ముందు నీడను తెరిచి లోపలివన్నీ తీసేసి, ఆ తర్వాత బొమ్మను తీశాను. కడగకుండా గిన్నె బోర్లించే రకాన్ని కాను నేను. "వీటిని శాశ్వతంగా తొలగించాలా?" అని ఒకటే నస. యంత్రాలకు కూడా చిలక గాలి సోకింది. అవును అని నొక్కాను.

తెర ఇప్పుడు తుడిచిన అద్దంలా ఉంది.

శుక్రవారం, 7

డాక్టరమ్మ సోమవారం దాకా ఊళ్ళో లేరు. చిలక తెర మీద పిల్లి ఇంకా ఉంది.

శనివారం, 8

గోడకు కాగితం అంటించాను. "తెర మీద ఫైళ్ళు పెట్టరాదు. నీడ మాత్రమే ఉండవలెను." చిలక చదివి, "మేడమ్, ఉండవలెను అంటే ఎంత బాగుందో, పెళ్ళి పత్రికలా" అంది. ఎగతాళో మెచ్చుకోలో తెలియదు. రెండూ నాకు రోతే.

ఇంట్లో అక్క దువ్వెన బేసిన్ మీద వదిలేసింది, వెంట్రుకలతో సహా. యాభై దాటింది, ఇంకా దువ్వెన ఎక్కడ పెట్టాలో తెలియదు.

సోమవారం, 10

"గొంతులు" ఖాళీ.

క్లచ్చు మాస్టారి ఫైళ్ళు యంత్రం వాళ్ళకు పంపమని డాక్టరమ్మ ఫోన్ చేశారు, సాయంత్రానికి గానీ రారట. ఆవిడ గదిలోకి వెళ్ళి పెద్ద కంప్యూటర్ తెరిచాను. ఏమీ లేదు. మూసి మళ్ళీ తెరిచాను. పక్క ఫోల్డర్లన్నీ చూశాను. చెత్తబుట్టలో చూశాను, అందులో కూడా లేదు.

మిగతావాళ్ళ గొంతులు నెలాఖరున తీసిన డిస్కులో ఉన్నాయి. ఈ నెలలో చదివింది ఆయనొక్కడే.

చిలక చేసి ఉంటుంది. ఇంకెవరు చేస్తారు? "కొత్తది 2" బుర్ర. పిలిచి అడిగాను.

"నేను ముట్టుకోలేదు మేడమ్. నాకా నీడ తెరవాలంటేనే భయం, ఒట్టు."

"భయమున్నవాళ్ళే చెడగొడతారు."

"మీరు చెప్పారు కదా మేడమ్, నీడ తీస్తే ఏం కాదని. అయినా నేను తియ్యలేదు."

మళ్ళీ నన్నే అంటోంది. ఆ పిల్ల కళ్ళనీళ్ళు, ముక్కు చీదడం, చీదిన కాగితాన్ని చేతిలోనే నలపడం, చూడలేక బయటికొచ్చాను.

డాక్టరమ్మకు ఫోన్‌లో చెప్పాను. చిలక ఏవో ఫైళ్ళు పోగొట్టినట్టుంది, రేపు కంప్యూటర్ బాగుచేసే ఆయన వస్తాడు, అన్నాను. డ్రైవింగ్ ఆయనవి ఉన్నాయి కదా, అని అడిగారు. "ఉంటాయండీ" అన్నాను. ఉన్నాయి అనలేదు. ఉంటాయి అన్నాను. తేలేదాకా చిలకను ఇంటి దగ్గరే ఉండమన్నారు. బ్యాగు సర్దుకుంటూ కూడా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది.

నేను గురువారం తీసింది నీడను.

సాయంత్రం అక్కకు చెప్పాను. దువ్వెన చేత్తో పట్టుకునే వింది.

"ఆపరేషన్ ఎప్పుడు?"

"ఎల్లుండి పొద్దున."

"మరింకేం? ఆయనకి ఫోన్ చెయ్యవే. రేపు పొద్దున్నే వచ్చి మళ్ళీ చదువుతాడు."

"ఎవరు చేశారో తేలనీ ముందు."

"ఎవరు చేస్తే ఏంటే? అది తర్వాత తేల్చుకో. ముందు ఆయనకి ఫోన్ చెయ్యి."

అక్కకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసు? ఫైళ్ళు ఎక్కడికీ పోవు. రేపు ఆయనొచ్చి తీస్తాడు. దొరికే వస్తువు కోసం జబ్బు మనిషిని మళ్ళీ పిలిపించి మూడు వందల వాక్యాలు చదివించడమా? అదీ కాక ఫోన్ చేస్తే ఏమని చెప్పాలి? మా రిసెప్షన్ పిల్ల పోగొట్టిందనా? క్లినిక్ పరువేం కావాలి?

నేను తీసింది నీడను.

మంగళవారం, 11

కంప్యూటర్ బాగుచేసే ఆయన పొద్దున వస్తానని నాలుగింటికి వచ్చాడు. వేలు నాకి కాగితాలు తిప్పే మనిషి. ఆ వేలితోనే నా కొత్త కీబోర్డు. చిలక కంప్యూటర్ చూడమంటే, ముందు పెద్ద కంప్యూటర్లో ఏ పని ఎక్కడి నుంచి జరిగిందో చూస్తానన్నాడు. అలాంటి చిట్టా ఒకటి ఉంటుందని నాకు తెలియదు.

"గురువారం పదకొండూ ఇరవై. మీ పాత కంప్యూటర్ నుంచి మేడమ్. మీ పేరు మీదే."

"నేను నీడను కదండీ తీసింది."

"నీడేంటి?"

చెప్పాను. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఇది నీడ కాదు మేడమ్, తలుపు. తలుపు పీకేస్తే గదికేం కాదు, కరెక్టే. మీరు తలుపు పీకలేదు. తలుపు తీసుకుని లోపలికెళ్ళి గది ఖాళీ చేసి, బయటికొచ్చి అప్పుడు పీకారు. బాణం గుర్తున్న బొమ్మనే తీసేసి ఉంటే సరిపోయేది. అది దాటి లోపలికెళ్ళారంటే అసలింట్లో ఉన్నట్టే."

"చెత్తబుట్టలో ఉండాలి కదా?"

"మీ కంప్యూటర్లోవైతే ఉండేవి. వేరే కంప్యూటర్లోవి ఇక్కణ్ణుంచి తీసేస్తే బుట్టలోకి రావు, నేరుగా పోతాయి. అడిగుంటుందే, శాశ్వతంగా తొలగించాలా అని?"

అడిగింది. నస అనుకున్నాను.

గంట సేపు ఏదో ప్రయత్నించాడు. శుక్రవారం, శనివారం పెద్ద కంప్యూటర్లో వేరే పనులు జరిగాయి కాబట్టి పాతవాటి మీద కొత్తవి పడ్డాయట, దొరకవట. వెళ్ళే ముందు "గొంతులు" ఎవరైనా చూడొచ్చు, వినొచ్చు, తీసేసే వీలు మాత్రం డాక్టరమ్మకే ఉండేలా చేశాడు. పది నిమిషాల పని. నాలుగేళ్ళ క్రితం కూడా పది నిమిషాల పనే అయ్యుండేది.

"డాక్టరమ్మకి నేను చెప్పనా, మీరు చెప్తారా?"

"నేనే చెప్తాను."

ఫోన్‌లో రికార్డు చేద్దామని ఆసుపత్రికి వెళ్ళాను. చూడనిచ్చే సమయం అయిపోయింది.

బుధవారం, 12

తొమ్మిదింటికి.

గురువారం, 13

డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోమనలేదు, తిట్టలేదు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

"మంగళవారం సాయంత్రం నాకెందుకు చెప్పలేదు? నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. ఆయన పక్కనే ఉన్నాను."

బల్ల మీది పెన్నులు వరసగా పేర్చాను.

"ఆ పిల్లని రమ్మని మీరే ఫోన్ చెయ్యండి" అన్నారు.

చేశాను. చిలక ఎత్తి, "హలో మేడమ్" అని ఊరుకుంది. ఆ పిల్ల ఊరుకోవడం వినడం ఇదే మొదటిసారి. రేపటి నుంచి రా అన్నాను. ఎవరు చేశారో తెలిసిందా అని అడుగుతుందని అనుకున్నాను. అడగలేదు.

శుక్రవారం, 14

చిలక వచ్చింది. తెర మీద పిల్లి లేదు, ఫైళ్ళు లేవు. కీబోర్డు మెరిసిపోతోంది. గోడ మీది నా కాగితం కింద కూర్చుని, అడిగినదానికి మాత్రం జవాబు చెప్తోంది. ఇన్నాళ్ళూ ఇదే కదా నేను కోరుకున్నది. దానివైపు చూడలేకపోయాను.

ఆదివారం, 16

సమయం అయిపోలేదు.

ఇది నేను చదువుకోవడానికే, ఇంకెవరూ చదవరు. అయినా ఇక్కడ కూడా అబద్ధం రాశాను. ఆ మంగళవారం ఐదున్నరకే ఆసుపత్రికి చేరాను. చూడనిచ్చేది ఏడింటి దాకా. వార్డు తలుపుకు అద్దం ఉంది. లోపల క్లచ్చు మాస్టారు మంచం మీద కూర్చుని పక్క మంచం ఆయనకు కారు వెనక్కి ఎలా పెట్టాలో నేర్పుతున్నాడు. చేతులు రెండూ గాల్లో స్టీరింగ్ పట్టుకున్నాయి. "అద్దంలో చూశావా? చూడకుండా తిప్పుతావేంటి?" అద్దం ఇవతలికి కూడా వినిపించింది. వాళ్ళావిడ నవ్వుతోంది. నా చేతిలో ఫోన్ ఉంది. గంటన్నర సమయం ఉంది. మూడు వందలు కాకపోతే యాభై, యాభై కాకపోతే ఆ పది.

ఇప్పుడు చెప్తే ఆపరేషన్ ముందు మనిషి కంగారు పడతాడు, ఆయన మేలు కోసమే అనుకుని వెనక్కి తిరిగాను. బస్సు ఎక్కేదాకా అదే అనుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆయన ఎదుట నిలబడి, నేనే పోగొట్టానని చెప్పడానికి నోరు రాలేదు. అంతే.

తుంపర్లకు అసహ్యించుకున్నాను, బిస్కెట్ పొడికి అసహ్యించుకున్నాను, వెంట్రుకలకు అసహ్యించుకున్నాను. ఈ చేతులను ఎన్నిసార్లు కడగాలి?

అక్కకు చెప్పాను. దువ్వెన తీసుకెళ్ళి అలమరలో పెట్టింది.

మంగళవారం, 18

రికార్డింగ్ గదిలో మిషన్ వేశాను. "పనికిరానివి" ఉంది. నలభై ఒకటి. అది ఏ నీడలోనూ లేదు, నా శుభ్రం అక్కడిదాకా పోలేదు. డాక్టరమ్మకు వినిపించాను. వినిపించాలనే దాచాను కదా.

సగం దగ్గులే. వీటితో యంత్రానికి గొంతు తయారు కాదన్నారు. పూర్తిగా ఉన్న వాక్యం ఒకటీ అరా ఉంటే యంత్రం మీద ఒక బొత్తానికి పెట్టవచ్చట, నొక్కితే అదొక్కటే పలుకుతుంది. మిగతాదంతా అందరి యంత్రాల్లోనూ ఉండే ఆ ఎవరిదో గొంతే.

సోమవారం, 24

ఈరోజు క్లచ్చు మాస్టారు, వాళ్ళావిడ వచ్చారు. ఆయన మెడకు కట్టు, చేతిలో పలక. పిల్లలు రాసుకునే పలకే, సుద్దముక్కతో సహా. రాగానే నన్ను చూసి నవ్వాడు. నవ్వుకు చప్పుడు లేదు. చిలక నీళ్ళు తెచ్చి, వెళ్ళకుండా తలుపు దగ్గరే నిలబడింది.

డాక్టరమ్మ మెల్లిగా చెప్పారు, రికార్డింగులు పోయాయని. ఎవరివల్ల అన్నది చెప్పలేదు, నావైపు చూడను కూడా లేదు. నాకు వదిలేశారు.

వాళ్ళావిడ, "నా కోసం ఏదో చెప్పానన్నాడు. అది కూడానా?" అంది.

"అది కూడానండీ."

"మీరు విన్నారా? ఎలా అన్నాడు?"

"వినలేదండీ. వినొద్దన్నారు."

"నిన్న పలక మీద రాసి చూపించాడు లెండి. ఎంత బతిమాలితే." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "రాస్తే ఏముంది? వీధిలో బోర్డు మీద కూడా రాసే ఉంటుంది."

ఆయన మోకాలి మీద పలక కదలకుండా ఉంది.

ఏమైనా మిగిలిందా అని అడిగింది. చెడిపోయినవి ఉన్నాయన్నాను. అవే పెట్టమంది. పెట్టాను. దగ్గు. నవ్వు. సగం వాక్యం, మళ్ళీ దగ్గు. నా గొంతు, "మళ్ళీ చెప్పండి." ఎంత విసుగు ఆ గొంతులో! నా గొంతు నేనే వినలేకపోయాను. ఆ తర్వాత ఆయన, నిండుగా, తేటగా, ఎక్కడా దగ్గు లేకుండా: "తప్పు నాదే మేడమ్, మళ్ళీ చెప్తాను."

నలభై ఒకటిలో చెక్కుచెదరని వాక్యం అదొక్కటే. అదే ఇరవై మూడుసార్లు.

వాళ్ళావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. రెండూ.

"ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట ఒక్కసారి అనలేదమ్మా ఈ మనిషి! బొత్తానికి ఇదే పెట్టండి."

"మేడమ్ అనే ముక్క కోసేస్తానండీ" అన్నాను.

"వద్దు వద్దు, ఉండనివ్వండి. నన్నే అన్నట్టుంటుంది."

ఆయన భుజాలు కదిలాయి. చిలక కూడా నవ్వింది, తలుపు దగ్గర. ఈ నవ్వుల్లోనే ఇది అయిపోతుందని తెలిసింది. వాళ్ళు లేచి వెళ్ళిపోతారు, ఎవరూ నన్ను అడగరు, నేను మళ్ళీ బల్ల తుడుచుకుంటూ కూర్చుంటాను. రోత పుట్టింది. ఈసారి దేన్నో చూసి కాదు.

"నేనే తీసేశాను" అన్నాను. "ఆ పిల్ల కాదు. ఆపరేషన్ ముందురోజే తెలుసు నాకు. ఆసుపత్రి దాకా వచ్చాను. మీరు మాట్లాడుతుంటే విని, వెనక్కి వెళ్ళిపోయాను. తప్పు నాదే."

చివరి మాట సరిగా పైకి రాలేదు.

వాళ్ళావిడ మొహంలో నవ్వు పోయింది. చిలక తల వంచుకుంది. ఆయన పలక తుడిచాడు, అరచేత్తో, సుద్ద పొడి ప్యాంటు మీద రాలింది. తీరిగ్గా రాసి, తిప్పి చూపించాడు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పండి."

చిలకవైపు తిరిగి మళ్ళీ చెప్పాను.